వాకిలికి మొదటి ర్యాంకు

మూడు బ్రౌజర్లలో ఏది భద్రమైనదని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ వాకిలి పేరే చెప్పాలి. పరీక్ష పెట్టింది నేను, ఫలితం తేల్చింది నేను, నివేదిక కింద సంతకం చేసింది నేను. మా ఇంట్లో మా ఆయన నుదుటికి ఆ పట్టీ కట్టింది కూడా నేనే. కాబట్టి ఈ సంగతి చెప్పే హక్కు నాకున్నంతగా ఇంకెవరికీ లేదు.

నా పేరు కాంతిమతి. విశాఖపట్నంలో, సముద్రం కనబడే ఒక కొండవాలు మీద, బ్రౌజర్ల భద్రతను పరీక్షించే ప్రయోగశాలలో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాను. అనుమానించడమే నా ఉద్యోగం. కూరలవాడు వంకాయలు తూస్తుంటే నేను వంకాయల్ని కాక తూకపు రాయిని చూస్తానని మా ఆయన త్రినాథరావు నలుగురిలో వెక్కిరించేవాడు. నిజమే, రాయినే చూస్తాను.

ఇప్పుడు వస్తున్న బ్రౌజర్లకి మీటలు అక్కర్లేదు, వేళ్ళు అక్కర్లేదు. వేలెడు వెడల్పు పట్టీ నుదుటికి కట్టుకుంటే చాలు, మనిషి ఏది చూడాలనుకుంటే అది ఎదుటి తెర మీదికి వచ్చేస్తుంది. తూనీగ, కిన్నెర, వాకిలి అని మూడు కంపెనీల పట్టీలు పోటీ పడుతున్నాయి. చేతులు పడిపోయినవాళ్ళకి, మాట పోయినవాళ్ళకి వాటిలో ఒకదాన్ని ఉచితంగా పంచాలని ప్రభుత్వం అనుకుంది. ఏది మనిషి గుట్టు బయటపెట్టకుండా ఉంటుందో తేల్చమని మాకు అప్పగించింది. మొదటి విడతలోనే ఆరు లక్షల ఇళ్ళు, ఇంటికి రెండు పట్టీలు, ఒకటి రోగికి, ఒకటి చూసుకునేవాళ్ళకి.

మొదటిసారి నేను వాకిలి కట్టుకున్నప్పుడు, టీ తాగాలని నాకు సరిగ్గా అనిపించకముందే తెర మీద మా కాంటీన్ పేజీ తెరుచుకుంది. ఉలిక్కిపడ్డాను. దీన్ని ముందూహ అంటారు. మెదడులోంచి ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదవాలంటే నిమిషాలు పడుతుంది, అందుకని మనసు ఎటు మొగ్గుతోందో ఊహించి పేజీలను ముందే తెచ్చి పెట్టుకుంటుంది. తెచ్చినవాటిని ఇంట్లో గూడు అనే చిన్న పెట్టెలో దాస్తుంది. ఆ ఇంట్లో ఇంకెవరి పట్టీకి అలాంటిది కావలసివచ్చినా గూట్లోంచి చటుక్కున అందిస్తుంది. ఎవరి కోసం తెచ్చిందో ఎక్కడా రాయదు కనుక గుట్టుకి ఢోకా లేదని కంపెనీ వాదన. నాకు ఆ వాదన నచ్చలేదు. అందుకే పరీక్ష గట్టిగా పెట్టాను.

అరవై మంది స్వచ్ఛందంగా వచ్చారు. ఒక్కొక్కరికీ లోకంలో ఎవరికీ తెలియని ఒక కల్పిత రహస్యం చెప్పాం. “మీ పెరట్లో ఇత్తడి బిందె పాతిపెట్టి ఉంది” అని ఒకాయనకి. “మీ మేనత్తకి రహస్యంగా రెండో పెళ్ళయింది” అని ఒకావిడకి. వీటిని ఎర అంటాం. దాన్ని మనసులో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా నెల రోజులు బ్రౌజరు వాడాలి. బయటికి వెళ్ళే తీగ మీద మేము కాపలా కాస్తాం. ఎక్కడైనా ఇత్తడి బిందె కనబడిందా, ఆ బ్రౌజరు కారుతున్నట్టే. కిన్నెర నలభై ఒక్క ఎరలు కక్కింది. తూనీగ పదకొండు. వాకిలి ఒక్కటీ కక్కలేదు.

మా డైరెక్టరు సోమయాజులుగారిది ఒక ఆచారం ఉంది. మొదటి ర్యాంకు వచ్చినదాన్ని, నివేదిక పంపేముందు మా ఉద్యోగులందరూ ఇంటిల్లిపాదితో సహా నలభై రోజులు వాడాలి. ఆయన దాన్ని మండలం అంటారు. మాలవేసుకున్న స్వాములని అడిగినట్టు “ఎన్నో రోజమ్మా?” అని అడుగుతారు. మేము సరదాగానే చెప్పేవాళ్ళం. ఆ విధంగా వాకిలి మా ఇంటికి వచ్చింది.

మా ఇంటి సంగతి ఇక్కడ చెప్పాలి. మా అబ్బాయి భరణి నాలుగేళ్ళ కిందట డిప్లొమా మధ్యలో మానేసి మరపడవ మీద పనికి వెళ్తానన్నాడు. ఇరవై ఏళ్ళవాడు. తండ్రి మండిపడి, “అయితే ఆ పడవే నీకు ఇల్లు. ఈ గడప తొక్కకు” అన్నాడు. వాడు సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. పన్నెండో రోజున తుపాను గాలికి పడవ తిరగబడింది. ఆరుగురిలో ఐదుగురు ఒడ్డుకి చేరారు, భరణి చేరలేదు. ఆ కబురు విన్న సాయంత్రమే త్రినాథరావుకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, ఎడమ చేతికి వణుకు మిగిలింది.

హార్బర్లో ఓడల్ని లాగే టగ్గుల విభాగంలో ముప్పై ఏళ్ళు ఇంజనీరుగా చేసిన మనిషి ఆయన. నీటి లాగుడు తెలుసు. ఆ నెలలో ప్రవాహం ఈశాన్యానికి లాగుతుంది, చెక్క పట్టుకుని తేలినవాణ్ణి పరాయి దేశపు జాలర్లు ఎక్కించుకుని ఉంటారు, కాగితాలు లేవని అక్కడ జైల్లో పెట్టి ఉంటారు అని ఆయన లెక్క. అది పిచ్చి లెక్క కాదు. అలా పట్టుబడి ఏళ్ళ తరవాత ఇంటికొచ్చినవాళ్ళు మా తీరంలో ఉన్నారు. అందుకని రోజూ ఉదయం ఏడింటికి కుర్చీలో కూర్చుని జైళ్ళ జాబితాలు, విడుదలైన జాలర్ల పేర్లు, పరాయి ఊళ్ళ పత్రికలు వెతుకుతాడు. చేతులు ఆడవు కనుక ఆయన చెబుతుంటే టైపు చేసేది నేను. “భరణి అని కొట్టు. రాకపోతే బరనీ అని కొట్టు. వాళ్ళకి మన పేర్లు రాయడం రాదు” అనేవాడు. కొట్టేదాన్ని.

భరణి చనిపోయాడని నాకు తెలుసు. పడవ తిరగబడ్డ పదకొండో రోజున ఒడిశా తీరంలోని ఒక చిన్న పట్నం నుంచి నాకు ఫోనొచ్చింది. పడవ యజమాని వేసిన ప్రకటనలో నా నంబరే ఉంది. ఆఫీసు పని మీద భువనేశ్వరం వెళ్తున్నానని చెప్పి ఒక్కదాన్నే వెళ్ళాను. ఆకుపచ్చ గళ్ళ చొక్కా చూసి గుర్తుపట్టాను, గుర్తుపట్టడానికి ఇంకేమీ మిగలలేదు. అక్కడే దహనం చేయించి, రిజిస్టరులో తల్లి అని రాసి సంతకం పెట్టి, రైలెక్కి వచ్చేశాను. అప్పటికి ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు. గుండె కూడా బాగాలేదు, పెద్ద కబురేదీ చెవిన వెయ్యకండి అన్నాడు డాక్టరు. ఒక నెల ఆగుదామనుకున్నాను. నెల తరవాత ఆయనకి మాట తిరిగి వచ్చినప్పుడు మొదట అడిగింది, “భరణి కబురేటైనా తెలిసిందా?” అని. లేదన్నాను. అక్కణ్ణుంచి నాలుగేళ్ళు రోజూ ఉదయం ఏడింటికి, లేని కొడుకు పేరు మూడు రకాల స్పెల్లింగులతో టైపు చేశాను.

ఆయన బతికి ఉన్నది ఆ వెతుకులాట మీదే. అది పోతే మనిషి పోతాడని నా భయం. అందుకే వాకిలి వచ్చిన రోజున నేను ఆయనకంటే ఎక్కువ సంతోషించాను. ఇక నా వేళ్ళకి ఆ పని తప్పుతుంది.

పట్టీ కట్టి ఎదురుగా తెర పెట్టాను. ఆయన అటు చూశాడో లేదో విడుదలైన జాలర్ల పట్టిక దానంతటది తెరుచుకుంది.

“ఏటే ఇది! నేనింకా అననేలేదు!” అన్నాడు. ముఖంలో ఎడమ పక్క మొత్తం నవ్వింది. “ఇంక నీతో పన్లేదు. పోయి నీ ఆఫీసు సూసుకో.”

“అంతేలెండి. పని గడిచాక కాంతమెందుకు?” అన్నాను.

ఆ వారమంతా ఇల్లు తేలిగ్గా ఉంది. నేను కూడా నా పట్టీ కట్టుకుని వంటింట్లో తిరిగేదాన్ని. దొండకాయలు కోస్తుంటే స్టవ్ పక్కన తెర మీద ఏదో ఒక వేపుడు వచ్చి కూర్చునేది. ముందు గదిలోంచి ఆయన “ఇవాళ నలుగుర్ని వదిలారట, మనోడు కాదు” అని కేకేసేవాడు. “రేపు చూద్దాంలెండి” అనేదాన్ని. ఆ మాట అనేటప్పుడు ఒక్క క్షణం లోపల ఆకుపచ్చ గళ్ళు మెదిలేవి. వెంటనే మనసుని పక్కకి తిప్పేసుకునేదాన్ని. నాలుగేళ్ళ అభ్యాసం కదా, సునాయాసంగానే చేసేదాన్ని.

పదమూడో రోజు ఉదయం ఆయన కేకెయ్యలేదు, పిలిచాడు.

“కాంతం, ఇలగ రా. నేను జైళ్ళ జాబితా సూద్దారంటే ఇదేటి ఒడిశాలో ఏదో ఊరు తెస్తాది?”

తెర మీద ఆ పట్నం పేరు. రైల్వే స్టేషను ఫొటో. నేను దిగిన ప్లాట్‌ఫారం.

“ఎప్పుడో చూసుంటారు. దానికి గుర్తుండిపోయింది” అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది.

“నేనెప్పుడూ సూళ్ళేదే.”

“ఒడిశా జాలర్లని కూడా వదిలారుగా, ఆ లింకు తెచ్చుంటుంది.”

“అదీ అవ్వొచ్చు” అని వదిలేశాడు.

నేను వదల్లేదు. అది ఆయన పట్టీకి ఎలా తెలిసింది? నా మనసులోంచే వెళ్ళి ఉండాలి. కానీ నేను ఆ ఊరి గురించి ఆలోచించడంలేదే! ఆలోచన రాబోతున్న ప్రతిసారీ తొక్కిపెడుతున్నాను. ఆ రోజు నుంచి ఇంకా గట్టిగా తొక్కిపెట్టాను. రెండు రోజుల్లో ఆయన తెర మీదికి ఆ ఊరి ఆస్పత్రి వచ్చింది. మరో రెండు రోజులకి ఆ జిల్లాలో తుపాను నష్టాల వార్త వచ్చింది. నేను ఎంత గట్టిగా మూస్తే అది అంత దగ్గరికి వస్తోంది. మా ఇంట్లో పట్టీ తీసేద్దామంటే మండలం మధ్యలో ఎందుకు తీశావని ఆఫీసులో అడుగుతారు, ఎందుకు తీస్తున్నావని ఇంట్లో ఆయన అడుగుతాడు. పైగా, సిగ్గు విడిచి చెబుతున్నాను, నా పరీక్ష తప్పని ఒప్పుకోవడం నాకు ఇష్టంలేకపోయింది. సున్నా వచ్చిన పరీక్ష అది.

పద్దెనిమిదో రోజున నా కింద పనిచేసే రెహానా సూట్‌కేసుతో ఆఫీసుకి వచ్చింది. పెళ్ళయి రెండేళ్ళయిన పిల్ల, నాకున్న ఇంజనీర్లలో అందరికంటే చురుకైనది. బాగా ఏడ్చి కడుక్కున్న ముఖం.

“మేడం, మా అత్తగారి తెర మీద నా మాత్రలు వచ్చాయి” అంది.

“ఏం మాత్రలు?”

“పిల్లలు పుట్టకుండా వేసుకునేవి. ఇంకో ఏడాది ఆగుదామని నేనే వేసుకుంటున్నా. మా ఆయనక్కూడా తెలీదు. మా అత్తగారేమో పట్టీ కట్టుకుని ఎప్పుడూ మనవల గురించే చూస్తుంటారు. నేను వాటి గురించి ఎప్పుడూ ఏదీ వెతకలేదు మేడం, పట్టీ ఉన్నప్పుడు మాత్రల పెట్టె వైపు చూడను కూడా చూడను. అసలు అటు ఆలోచన పోకుండా ఎంత జాగ్రత్తగా ఉన్నానో!”

ఆమె ముక్కు ఎగబీల్చి, సూట్‌కేసు గోడకి ఆనించి, నేరుగా రికార్డుల ముందు కూర్చుంది. కష్టంలో కూడా పనిమీదికే పోయే మనిషి. అరగంట తరవాత నన్ను పిలిచింది.

“మనం ఎరలుగా ఇచ్చినవి అబద్ధాలు మేడం. ఇత్తడి బిందె గురించి ఎవరికైనా భయమెందుకు? గుర్తుపెట్టుకోమన్నాం, పెట్టుకున్నారు. దాచమన్నాం, ఊరికే ఊరుకున్నారు. దాచడానికి ఎవరూ బాధపడలేదు. ఇది మనిషి దేనికి భయపడి తప్పుకుంటున్నాడో దాన్నే పట్టుకుంటోంది. ఎంత గట్టిగా తప్పుకుంటే అంత గట్టిగా కావాలనుకుంటున్నాడని దీని ఊహ. బిందెకి సున్నా వస్తుంది. నా మాత్రలకి రాదు.”

పద్దెనిమిదేళ్ళుగా తూకపు రాయినే చూస్తున్నానని గర్వపడ్డదాన్ని. అరవై మందికి తూచడానికి బరువులేని వస్తువులు ఇచ్చాను.

“నిజం రహస్యంతో పరీక్షించాలి” అన్నాను.

“ఎవరిస్తారు మేడం? నాది అయిపోయింది. ఇప్పుడందరికీ తెలుసు” అంది రెహానా.

“నేనిస్తాను.”

అప్పుడు పన్నెండున్నర. ఆయన ఆ వేళకి భోంచేసి పడుకుంటాడు. పరీక్షగదిలో కుర్చీలో కూర్చున్నాను. నా పట్టీ ఎలాగూ నుదుటి మీదే ఉంది, మండలం కదా. రెహానా కొత్తది ఇవ్వబోతే వద్దన్నాను. కొత్తదానికి నా మనసు అలవాటు కావడానికి వారం పడుతుంది, నాకు అంత ఓపిక లేదు.

“ఒక విషయం మనసులోకి రానివ్వకండి మేడం. ఎంత బలంగా వీలైతే అంత బలంగా” అంది.

పది నిమిషాలు. అంత కష్టపడి నేను ఎన్నడూ ఏదీ చెయ్యలేదు. ప్లాట్‌ఫారాన్ని నెట్టేశాను. ఆస్పత్రి వెనక రేకుల గదిని నెట్టేశాను. చొక్కాని నెట్టేశాను. రిజిస్టరు నా ముందుకు తోసిన గుమాస్తా వేళ్ళని నెట్టేశాను. చెమటకి పట్టీ జారింది. కళ్ళు తెరిచేసరికి రెహానా నావైపు చూడటంలేదు, తెరనే చూస్తోంది.

“పదమూడు పేజీలు మేడం” అంది మెల్లిగా. ఆ పట్నం పోలీసుల గుర్తుతెలియని శవాల జాబితా. మునిసిపాలిటీవాళ్ళు ఫొటో తీసి నెట్‌లో పెట్టిన దహనాల రిజిస్టరు, నాలుగేళ్ళ కిందటి తేదీ. మా అబ్బాయి పేరు, కింద తల్లి అని నా సంతకం. ఒక బట్టల దుకాణం పేజీలో ఆకుపచ్చ గళ్ళ చొక్కా. “భరణి... లేడా మేడం? సార్ రోజూ...” అని ఆగిపోయింది.

పేజీల పక్కన సన్నగా ఇంకో వరస ఉంది, దాన్ని చదువుతున్నాను. ఎక్కడ దాచిందో రాసి ఉంది. గూడు, మా ఇల్లు. మండలం కోసం నా పట్టీని మా ఇంటి గూటికి కలిపాను, ఇక్కడ కూర్చున్నా అది అక్కడికే చేరవేస్తుంది. ఇలాంటి కుర్చీలో సొంత పట్టీతో ఎవరూ కూర్చోకూడదని నియమం రాసిందే నేను. తెచ్చిన పేజీలు పదమూడు. తెరిచినవి పదమూడు.

ఆయన ఆ రోజు పడుకోలేదు.

ఆటో ఎక్కి ఇంటికి ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. తలుపు తీసేసరికి ఆయన కుర్చీలోనే ఉన్నాడు. పట్టీ నుదుటి మీద ఉంది. తెర మీద రిజిస్టరు పేజీ ఉంది. నా సంతకాన్ని పెద్దది చేసి పెట్టుకున్నాడు.

“ఇది నీ చేతి రాతే” అన్నాడు.

“అవును.”

“అంటే ఆ ముప్పై ఒకటో తారీకున నువ్వు ఆఫీసు పని మీద భువనేశ్వరం ఎల్లలేదు.”

“లేదు.”

గుండె పట్టుకుంటాడనుకున్నాను. మందు బిళ్ళ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఆయనకి ఏమీ కాలేదు. నాలుగేళ్ళుగా నేను దేనికి భయపడి దాచానో అది జరగలేదు. ఆయన ఊపిరి మామూలుగా ఆడుతోంది.

“మాట చెబితే నేను సచ్చిపోతాననుకున్నావా?”

“డాక్టరు అలా అన్నాడు. ఆ తరవాత... ఎలా చెప్పాలో తెలీలేదండీ.”

“నాలుగేళ్ళు” అన్నాడు. “నాలుగేళ్ళు నా పక్కన కూకుని టైపు కొట్టావు. బరనీ అని కొట్టు అంటే కొట్టావు. ఇవాళ రాలేదు గాని రేపొస్తాడంటే, అలగేలెండి అన్నావు. నేను ఎదవలాగ జైళ్ళు ఎతుకుతుంటే నువ్వు సూశావు.”

నేను కింద కూర్చుని ఆయన మోకాలు పట్టుకున్నాను. తన్నడానికి ఆయనకి కాలు ఆడదు. ఆడితే తన్నేవాడేమో, తన్నితే బాగుండేది.

“వాణ్ణి గడప తొక్కొద్దన్నాను. వాడికి నిప్పెట్టే హక్కు ఒకటి మిగిలింది నాకు. అదీ నువ్వే తీసేసుకున్నావు” అన్నాడు.

ఆ సాయంత్రం అన్నీ చెప్పాను. ఫోను, రైలు, రేకుల గది, చొక్కా. చెప్పి చూస్తే నిండా పది వాక్యాలు లేవు. అంత చిన్నదాన్ని నాలుగేళ్ళు మోశానా అనిపించింది. ఆయన ఒకటే ప్రశ్న అడిగాడు.

“నీళ్ళలోనే పోయాడా, ఎక్కడో ఒడ్డున బతికుండి పోయాడా?”

“నీళ్ళలోనే. పడవ తిరగబడ్డ రోజే అన్నాడు అక్కడి డాక్టరు. ఎంతోసేపు బాధపడి ఉండడన్నాడు.”

ఆయన నన్ను చూసి తల అటు తిప్పుకున్నాడు. “ఇదీ నా గుండెకోసం సెప్పే మాటే” అన్నాడు.

కాదండీ, నిజం అన్నాను. ఒట్టు పెట్టుకున్నాను. నా ఒట్టుకి ఆ ఇంట్లో అప్పటికే విలువ లేదు.

మరునాడు సోమయాజులుగారి గదికి వెళ్ళి, వాకిలికి మొదటి ర్యాంకు ఇవ్వకూడదని చెప్పాను. రెహానా సంగతీ నా సంగతీ దాచకుండా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. మంచి మనిషి, ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూశాను.

“అమ్మా కాంతిమతీ, నాకు కడుపు తరుక్కుపోతోంది. కానీ ఒక్కటి చెప్పండి. తూనీగ, కిన్నెర ఈ పని చెయ్యవా?”

“చేస్తాయి. నిన్న మధ్యాహ్నం రెహానా వాటి లోపలి లెక్క విప్పి చూసింది. ముందూహ ఉన్న ప్రతీదీ చేస్తుంది. అవి ఇంకా ఎక్కువ చేస్తాయి.”

“ముందూహ తీసేస్తే?”

“ఒక్క మాటకి నిమిషం పడుతుంది. మంచం మీద ఉన్నవాళ్ళు వాడలేరు.”

“మనల్ని అడిగింది మూడింటిలో ఏది మెరుగని. ఏదీ వద్దని చెప్పే అధికారం మనకివ్వలేదు. ఎరల పద్ధతి దేశమంతా ఒప్పుకున్న పద్ధతి. దాన్ని కాదనాలంటే రెండిళ్ళ కథ సరిపోదు, అరవై ఇళ్ళ రుజువు కావాలి. నిజమైన రహస్యాలు ఇచ్చి పరీక్షకి కూర్చునే అరవై మందిని ఎక్కణ్ణుంచి తెస్తారు? తెస్తే మాత్రం, వాళ్ళ కాపురాలు కూల్చి మనం నివేదిక రాస్తామా?”

ఆ లోపాన్ని రుజువు చెయ్యాలంటే ఆ లోపం చేసే నష్టమే చెయ్యాలి. నివేదికలో పంతొమ్మిదో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో ఒక గమనిక రాయనిచ్చారు. నేను సంతకం పెట్టాను. పెట్టకపోతే పక్క గదిలోవాళ్ళు పెడతారు, గమనిక కూడా పోతుంది. ఇలా నాకు నేను సర్దిచెప్పుకున్నాను గాని, పిరికితనం కూడా ఉంది, ఎందుకు దాచాలి? నెల తిరక్కుండా వాకిలి పట్టీలు లారీల్లో బయల్దేరాయి. ఆరు లక్షల ఇళ్ళు. ప్రతి ఇంట్లో మంచం మీద ఒక మనిషి, ఆ మనిషిని కాపాడటానికి ఏదో ఒకటి దాచిపెట్టిన ఇంకో మనిషి. రోగం పేరు దాచినవాళ్ళు, చావు దాచినవాళ్ళు, ఇష్టంలేకపోవడం దాచినవాళ్ళు. ఎవరికి ఏ ఉదయం ఏ పేజీ తెరుచుకుంటుందో నాకు తెలీదు.

రెహానా పుట్టింట్లో ఉంది. రాజీనామా ఇచ్చింది. ఫోను చేస్తే ఎత్తుతుంది, మాట్లాడదు.

మా ఇంట్లో త్రినాథరావు వెతకడం మానేశాడు. మందులు వేసుకుంటాడు, పెట్టింది తింటాడు. హార్బరువైపు కిటికీ వెయ్యమన్నాడు, వేశాను. ఆ సాయంత్రం తరవాత వారం రోజులు ఇంట్లో మాటల్లేవు. ఎనిమిదో రోజున తనే నోరు తెరిచాడు.

“నీ పట్టీ కట్టుకుని నా ఎదర కూకో.”

“ఎందుకండీ?”

“వాడెలగ పోయాడో నీ నోటితో సెబితే నేను నమ్మలేను. ఇదైతే నమ్ముతాను. ఆ డాక్టరు ఏటన్నాడో, నువ్వు నా దగ్గర ఇంకా ఏటి దాస్తన్నావో, అదే తెస్తాది.”

కూర్చున్నాను. ఇద్దరి నుదుళ్ళ మీదా పట్టీలు, మధ్యన తెర. భరణిని తలుచుకున్నాను. రేకుల గదిని తలుచుకున్నాను. డాక్టరు చెప్పిన మాటని ముక్కముక్కగా తలుచుకున్నాను. తెర తెల్లగా ఉంది. అరగంట అయినా తెల్లగానే ఉంది. నేను ఏదీ చూడాలని కోరుకోవడంలేదు, చెప్పేసిన దానికి మనసు పక్కకి తిరగడంలేదు, అలాంటిదాన్ని అది పట్టుకోలేదు.

“సూశారా? ఏమీ లేదు. అంతా చెప్పేశాను కాబట్టే ఏమీ లేదు. నిజమే చెప్పానండీ, వాడు ఆ రోజే పోయాడు. బాధపడలేదు” అన్నాను. ఆయన యాస నా నోట్లోకి ఎప్పుడొచ్చిందో తెలీదు, ఏడుస్తున్నాను.

ఆయన తెల్లటి తెరని చూస్తూ కూర్చున్నాడు.

“దీన్ని బోల్తా కొట్టించడం నీకొక లెక్కా కాంతం?” అన్నాడు. కోపం లేదు గొంతులో. “మూడు కంపెనీలోళ్ళు నీ దగ్గరికే వచ్చీవోరు, దీని లోగుట్టంతా నీకే తెలుసని. నాలుగేళ్ళు నన్ను మాయ సేసినదానివి, ఈ గుడ్డపీలికనా సెయ్యలేవు?”

ఏం చెప్పినా అది ఆయన అనుకున్నదానికే ఇంకో సాక్ష్యం అవుతుంది. పట్టీ తియ్యబోయాను.

“ఉంచు. ఎప్పుడో ఒకప్పుడు ఏమరుపాటున రాకపోదు” అన్నాడు.

రేపు ఏడింటికి మళ్ళీ కూర్చోమన్నాడు.